కారణం రాయని అర్జీ

చోడవరం,
3 ఫిబ్రవరి 1974

అక్కకు,

నువ్వు అడిగినదానికే ముందు జవాబు రాస్తాను. పెరట్లో పొయ్యి ఇంకా పెట్టలేదు. పెట్టాలంటే సంఘం అనుమతి కావాలి.

అద్దె ఇంట్లో ఉన్నప్పుడు ఇలాంటివి అడిగేవాళ్లు లేరు. ఇది సొంత ఇల్లు కనుక అడగాలి. కాలనీలో ఇల్లున్నవాళ్లంతా కలిసి సంఘం పెట్టుకున్నారని నీకు తెలుసు కదా. మొన్న దీపావళికి తవిటయ్యగారి పెరట్లో చెరకు ఆకు కప్పిన పశువుల పాక అంటుకుంది. మనుషులకీ పశువులకీ ఏమీ కాలేదు. అప్పటినుంచి ఆరుబయట మంట పెట్టాలంటే అర్జీ ఇవ్వాలని తీర్మానం చేశారు. కార్యదర్శి కృష్ణంరాజుగారు. వీధి చివర మేడ ఆయనదే. రిటైరయ్యాక ఆయనకి ఈ సంఘమే ఆఫీసని నాన్న అంటారు.

నానమ్మ రాగి కాగు కిరసనాయిలు స్టవ్వు మీద నిలవదు. పైగా కిరసనాయిలు దొరకడమే కష్టంగా ఉంది. బాలింతకి రెండు పూటలా వావిలాకు నీళ్లు కాయాలంటే పెరటి పొయ్యి తప్పదు. అర్జీ నాన్న నాచేత రాయించారు. "కాన్వెంటు దస్తూరీ. చూడగానే సంతకం పెట్టేస్తారు" అన్నారు.

ఒక్క సంగతి నాకు నచ్చలేదు. మన వెనక ఇల్లు నరసమ్మగారిది. మధ్య ఒకటే గోడ. నాన్న పొయ్యికి చోటు చూసి సుద్దతో గీత గీస్తుంటే ఆవిడ గోడ అవతల పీట వేసుకుని నిలబడ్డారు. "ఏటి గీస్తన్నారు బాబూ?" అన్నారు. నాన్న "ఏం లేదు" అన్నారు. ఆ మాటతో ఆవిడ దిగిపోలేదు. గీత పూర్తయ్యేదాకా చూసి, అప్పుడు దిగారు.

నువ్వడిగిన మాడుగుల హల్వా, నాన్న ఆఫీసు బంట్రోతు దాసు విశాఖపట్నం వస్తుంటే ఇచ్చి పంపాను. అందిందని రాయి. మీ అత్తగారికీ బావగారికీ నా నమస్కారాలు.

నీ చెల్లెలు
రాజ్యం


విశాఖపట్నం,
9 ఫిబ్రవరి

ఒసే రాజ్యం,

నీ ఉత్తరం చదివితే తాలూకాఫీసు నోటీసు చదివినట్టుంది. ఎలా ఉన్నావని ఒక్క ముక్క అడగలేదు. నేనే చెప్తాను విను. కాళ్లు పొంగిపోతన్నాయి, చెప్పులు పట్టడం లేదు. పోర్టులో ఓడ కూత పెడితే లోపల వీడు తంతన్నాడు. మీ బావకి చెప్తే నవ్వుతారు.

నీళ్లు కాసుకోడానికి అర్జీ ఏటే? ఎక్కడైనా విన్నామా? మా అత్తగారికి చదివి వినిపిస్తే ఆవిడ ఏమన్నాదో తెలుసా? "నీళ్లు కాగే చోటు లేని పుట్టింట్లో పురుడేటమ్మా. తొమ్మిదో నెల వచ్చేలోగా పొయ్యి పెట్టేమని కబురు రాకపోతే ఇక్కడే ఉండిపో" అన్నాది. మెత్తగానే అన్నాది. మా అత్తగారు ఏదైనా మెత్తగానే అంటారు.

పోయినసారి బాబు మన ఇంట్లోనే పోయేడని ఆవిడ మనసులో ఉంది. నోటంట రానివ్వదు. నాకు మాత్రం ఆ రోజుల్లో అమ్మ నన్ను పట్టుకున్న చేతులే గుర్తున్నాయి. పక్కకి తిరిగితే పక్కకి తిరిగింది, లేస్తే లేచింది. ఇక్కడ నన్నెవరు అలా పట్టుకుంటారే? నాకు ఆ పొయ్యి కావాలి. దాని కోసం కాదు, ఆ వంకన ఇల్లు కావాలి.

నిజం చెప్పు. సంఘం అడ్డమా, మీరే అడ్డమా? నీకేదైనా సంబంధం చూస్తన్నారా? చూడ్డానికి వచ్చేవాళ్ల ముందు పురిటి ఇల్లు ఎందుకని అనుకుంటన్నారా? అదే అయితే తిన్నగా రాయండి.

హల్వా అందింది. పొట్లం విప్పి మళ్లీ కట్టినట్టుంది. ఆ దాసు చేతికి ఇంకేమీ ఇవ్వకు.

అక్క
దేముడు


చోడవరం,
17 ఫిబ్రవరి

అక్కకు,

ఎలా ఉన్నావు? ముందు అదే అడుగుతున్నాను.

నాకు సంబంధాలేవీ రాలేదు. వస్తే నీకు రాయకుండా ఉంటానా? హల్వా పొట్లం విప్పింది దాసు కాదు, నేను. ఒక ముక్క తిన్నాను.

అర్జీ వెనక్కి వచ్చింది. కృష్ణంరాజుగారు ఎర్ర సిరాతో అడుగున "కారణం?" అని రాసి పంపారు. నేను రాసింది ఇది: కుటుంబ అవసరం నిమిత్తం, ఒక పెద్ద కాగు పట్టేటంత పొయ్యి, ఉదయం సాయంత్రం, కొంతకాలంపాటు. అంతే రాశాను. ఆ అవసరం ఏమిటో రాయలేదు.

రాయకపోవడానికి రెండు కారణాలు. అమ్మ వద్దంది. నేను కలం తీసేసరికే వంటింట్లోంచి వచ్చి, "ఒసే, దేముడు సంగతి అందులో పెట్టకు. ఎవరికీ సెప్పకు. అది వచ్చి గుమ్మంలో దిగేదాకా ఎవరికీ తెలీకూడదు" అంది. కొత్త వీధిలో నువ్వు నెలలతో ఉన్నావని ఇప్పటికీ ఎవరికీ తెలియదు. దిష్టి భయమనుకుంటాను. నేను వాదించలేదు.

రెండో కారణం నాది. అమ్మ అడ్డుకోకపోయినా నేను రాసేదాన్ని కానేమో. ఆ కాగితం ఏడుగురు మగవాళ్లు చేతులు మార్చుకుంటూ చదువుతారు. "పురుడు" అన్న మాట నా దస్తూరీలో వాళ్ల చేతుల్లో ఉండటం నేను ఊహించలేకపోయాను. కాన్వెంటులో అర్జీ ఎలా రాయాలో నేర్పారు. ఇలాంటి మాట వస్తే పుస్తకం మూసేసేవారు.

ఇప్పుడు కాలనీలో ఏమనుకుంటున్నారో రాస్తే నువ్వు నవ్వుతావు. బెల్లం వండే రోజులు, పెద్ద కాగు, రెండు పూటలా మంట, కారణం చెప్పరు. అంటే సారా. నాన్న సారా కాస్తారని! నాన్నకి తమలపాకు నమిలితేనే తల తిరుగుతుంది.

ఈ మాట ఎవరు పుట్టించారో నాకు అనుమానం ఉంది. రోజూ నీళ్లు తోడే వేళకి నరసమ్మగారు పీట ఎక్కుతున్నారు. మన పెరట్లో ఏముందో మనకంటే ఆవిడకే బాగా తెలుసు. నిన్న నేను తిన్నగా ఆవిడ వైపు చూస్తే కళ్లు తిప్పుకోలేదు, పైగా నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

రాజ్యం


విశాఖపట్నం,
24 ఫిబ్రవరి

రాజ్యానికి,

నవ్వుతానని రాసేవు. నవ్వలేదు.

ఎవరికీ తెలీకూడదా? అంటే నేను దొంగతనంగా రావాలా? కడుపుతో ఉన్న కూతురు వస్తందంటే ఏ తల్లయినా పక్కింటికి పరిగెత్తి చెప్తాది. పోయినసారి అమ్మ బజారంతా చెప్పింది, నాకు సిగ్గేసింది. ఈసారి నా పేరే ఎత్తొద్దంటందా? అంత నామోషీ అయిపోయేనా నేను? ఒకసారి బిడ్డ పోతే రెండోసారి కడుపు దాచుకోవాలా?

నాకు తెలుసులే. మళ్లీ ఏదైనా అయితే కొత్త కాలనీలో పరువు పోతాదని. మేడ ఉన్నాయన, రిటైరైనాయన, ఎర్ర సిరా ఆయన, వీళ్లందరి ముందూ.

నిన్ను కాన్వెంటుకి పంపేరు, నన్ను పెళ్లికి పంపేరు. నేను చదివింది ఎనిమిదో తరగతి. అయినా ఆ అర్జీ నా చేతికిస్తే ఆ ఒక్క మాటా రాసి పడేసేదాన్ని. నీ సిగ్గు ఖరీదు నా పురుడు.

అత్తగారు రోజూ అడుగుతన్నారు, "పొయ్యి పడిందా?" అని. పడుతుందని చెప్తన్నాను. ఎన్నాళ్లు చెప్పను?

దేముడు

అమ్మకి ఈ ఉత్తరం చదివి వినిపించకు. లేదా వినిపించు. నీ ఇష్టం.


చోడవరం,
5 మార్చి

అక్కకు,

నీ ఉత్తరం అమ్మకి వినిపించలేదు. నామోషీ అని అమ్మ ఒక్కసారి కూడా అనలేదు. ఏమనుకుంటోందో నాకూ చెప్పడం లేదు. నీ పాత చీరలూ అమ్మవీ చింపి, పొత్తిగుడ్డలు చేసి, ఉతికి ఆరేస్తోంది. నామోషీ ఉన్న మనిషి అలా చేస్తుందా? అవి కూడా మూడు రోజులుగా పెరట్లో కాకుండా ఇంట్లో తాడు కట్టి ఆరేస్తోంది.

ఎందుకంటే మొన్న ఎక్సైజు జవాను ఒకతను వచ్చాడు.

నాన్న ఆఫీసుకి వెళ్లాక వచ్చాడు. "ఊరికే సూసి పోతానమ్మా" అన్నాడు. పెరడంతా తిరిగాడు. సుద్ద గీత దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. కాగు బోర్లించి చూశాడు. తర్వాత వంటింటి పక్క మూత పెట్టిన కుండ చూసి, "ఇదేటి?" అన్నాడు. అమ్మ "తరవాణి" అంది. రోజూ అన్నం పులియబెట్టుకునే కుండని మనిషి అలా అడిగితే ఏం చెప్పాలో అమ్మకి తెలియలేదు. అతను మూత తీసి, మొహం దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "తరవాణే" అన్నాడు. ఆ మాటలో కొంచెం నిరాశ ఉంది. "ఉప్పేసి ఒక గ్లాసు ఇమ్మంటారా?" అని అమ్మ అడిగింది. తాగాడు. వెళ్లాడు.

అంతసేపూ నరసమ్మగారు పీట మీదే ఉన్నారు. అతను వెళ్తుంటే గోడ మీంచి వంగి ఏదో గట్టిగా అన్నారు. మాకు సరిగా వినపడలేదు. అతను తల దించుకుని వెళ్లిపోయాడు. వాళ్లిద్దరికీ ముందే పరిచయం ఉండాలి. ఆవిడే పిలిపించిందని అమ్మ అంటోంది. నాకూ అలాగే ఉంది. పోయిన వారం ఆవిడ కృష్ణంరాజుగారి మేడలోంచి బయటికి రావడం నేను చూశాను. మన కూరల మనిషిని ఆపి, మన ఇంటికి రోజూ ఏమేం ఇస్తోందో అడిగారట. అమ్మ ఆవిడ కనపడితే మొహం తిప్పేసుకుంటోంది.

నాన్న మళ్లీ అర్జీ పెట్టారు. 17న ఆదివారం సమావేశంలో తేలుస్తారు. అందులోనూ కారణం లేదు. ఈసారి నేను రాద్దామన్నాను అక్కా. అమ్మ కలం లాక్కుంది.

రాజ్యం


విశాఖపట్నం,
11 మార్చి

రాజ్యానికి,

మీ పక్కూరు గోవాడ నుంచి మా అత్తగారి తమ్ముడు వచ్చేడు. మీ ఇంటి మీద ఎక్సైజు వాళ్లు పడ్డారని, కుండలు దొరికేయని, నాన్నని తీసుకెళ్లేరని చెప్పేడు. కుండ ఒకటేనని, అది తరవాణి అని, నాన్న ఆఫీసులో ఉన్నారని నీ ఉత్తరం చూపించేను. ఆయన "ఇంట్లోవాళ్లు అలాగే రాస్తారు" అన్నాడు.

అత్తగారు మెత్తగానే చెప్పేరు. సారా కేసున్న ఇంటికి కోడల్ని పంపరట. మీ బావ నా వైపు చూసేరు, ఆవిడ వైపు చూసేరు, పేపరు తీసుకున్నారు.

పొయ్యి గొడవ వదిలెయ్యండి. నేను రాను. ఇక్కడే కంటాను.

దేముడమ్మ


చోడవరం,
18 మార్చి

అక్కకు,

నువ్వు రానన్న ఉత్తరం శనివారం అందింది. అమ్మకి చదివి వినిపించాను. విని లేచింది. వెళ్లి పొత్తిగుడ్డలు మడతపెట్టి ట్రంకుపెట్టెలో పెట్టేసింది.

నిన్న సమావేశానికి నేను వెళ్లాను. నాన్న క్యాంపులో ఉన్నారు. అమ్మకి చెప్పలేదు. కృష్ణంరాజుగారి వరండాలో మగవాళ్లు కుర్చీల్లో కూర్చున్నారు. ఇంటి యజమానులైన ఆడవాళ్లు ఇద్దరు గుమ్మం దగ్గర చాప మీద ఉన్నారు. అందులో నరసమ్మగారు ఒకరు. నేను స్తంభం పక్కన నిలబడ్డాను.

మన అర్జీ వచ్చేసరికి కృష్ణంరాజుగారు చదివి, "అవసరం అంటారు. ఏమవసరమో చెప్పరు. చెప్పని అవసరానికి నిప్పు పెట్టనివ్వలేం" అన్నారు. తవిటయ్యగారు, "తొందరెందుకు బాబూ, పొయ్యి పెట్టనివ్వండి. మనకీ తలో గ్లాసూ పోస్తారేటో సూద్దాం" అన్నారు. అందరూ నవ్వారు.

నేను "మా అక్కకి పురుడు" అన్నాను.

ఎవరికీ వినపడలేదు. వెనకనుంచి ఎవరో "ఏటంతంది ఆ గుంట?" అన్నారు. మళ్లీ చెప్పవలసి వచ్చింది. మొదటిసారి చెప్పడమే కష్టమనుకున్నాను, కాని రెండోసారి అంతకంటే కష్టం, అందరూ నా వైపే చూస్తున్నారు కనుక.

"మా అక్కకి పురుడు పొయ్యాలి. వచ్చే నెలలో. బాలింతకి వేడినీళ్లు కాయాలి. అందుకే పొయ్యి. పోయినసారి బిడ్డ దక్కలేదు. అందుకే రాయలేదు."

తవిటయ్యగారు తన కాళ్ల వైపు చూసుకున్నారు. కృష్ణంరాజుగారు కళ్లజోడు తీశారు.

"ఆ ఒక్క మాటా కాగితం మీద పెట్టలేకపోయావా తల్లీ? ఎక్సైజు అతనితో అన్నది నేనే. టీకొట్టు దగ్గర కనపడితే, ఇదీ సంగతి, ఒకసారి చూడవయ్యా అన్నాను. మీ నాన్న మొహం చూసైనా నేను ఆలోచించవలసింది."

అక్కా, ఆయన. నరసమ్మగారు కాదు.

అప్పుడు చాప మీంచి ఆవిడ లేచారు. "ఈ గుంట సెప్పక్కర్లేదు. నాకెప్పుడో తెలుసు" అన్నారు. "పాత చీరలు సింపి సిన్న సిన్న గుడ్డలు ఆరేస్తే ఏటికో తెలీదేటి? నేనేటి పిల్లల్ని కనలేదా?"

"తెలిస్తే మాకు చెప్పొచ్చు కదా నరసమ్మా" అన్నారు కృష్ణంరాజుగారు.

"మొన్న మీ ఇంటికొచ్చి ఆళ్లు అలాటోళ్లు కాదని సెప్పేనా లేదా? అంతకి మించి ఎలా సెప్తాను బాబూ? అది ఆళ్ల ఇంటి మాట. ఆళ్ల నోటంట రావాల. గోడ కాడ నిలబడితే ఆ తల్లి తనే సెప్తాదేమోనని రోజూ సూసేను. నన్ను సూసి మొకం తిప్పేసుకున్నాది. ఆ జవానుగాడు ఆడమనుషులున్న ఇంట్లో సొరబడితే మాత్రం ఊరుకోలేదు. మళ్లీ ఈ గడప తొక్కితే నీ టోపీ నూతిలో ఉంటాదని సెప్పేను."

ఆవిడ గురించి నీకు నేను రాసినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. రాసినవి వెనక్కి తీసుకోవడం కుదరదు కనుక జరిగినది రాస్తున్నాను.

అనుమతి ఇచ్చారు. పక్కన ఇసక ఉండాలి, నీళ్ల తొట్టి ఉండాలి, చెరకు ఆకు రాజెయ్యకూడదు. సంతకాలు అయిపోయాయి. తవిటయ్యగారు తన పాక కాలగా మిగిలిన దూలం కొట్టించి పంపుతానన్నారు.

నేను ఇల్లు చేరేసరికి అమ్మకి తెలిసిపోయింది. సాయంత్రం ఇంటింటి నుంచీ ఆడవాళ్లు వచ్చారు. ఒకరు సరుగుడు కర్రలు, ఒకరు నల్లేరు, ఒకరు పాత పొత్తిళ్లు. "ఎన్నో నెల?" అని అడిగారు, "మొదట్లోనే చెప్పొద్దా వదినా" అన్నారు. అమ్మ అన్నీ తీసుకుంది. వాళ్లు వెళ్లాక తలుపు గడియ వేసింది.

"దిష్టి తీస్తానుండమ్మా, భయపడకు" అన్నాను.

"దిష్టి కాదే" అంది.

తర్వాత చెప్పింది. చెప్పినట్టే రాస్తున్నాను.

"పోయినసారి బజారంతా సెప్పుకున్నాను కదా. బాబు పోయేక ఎవరెదురైనా మనవడా మనవరాలా అని అడిగేరు. ఒక్కొక్కరికీ నేనే సెప్పేను. కూరల మనిషికి సెప్పేను. పాలాయనకి సెప్పేను. ఊళ్లో లేనివాళ్లు తిరిగొచ్చి, నవ్వుకుంటూ గుమ్మమెక్కితే, ఆళ్ల నవ్వు పోయేదాకా నిలబడి సెప్పేను. మీ నాన్న ఆఫీసుకెళ్లిపోయేరు, దేముడు మంచమ్మీద ఉంది, నువ్వు హాస్టల్లో ఉన్నావు. ఇంకెవరు సెప్తారు? ఒకావిడ నెల పోయేక ఉయ్యాల తాడు పట్టుకొచ్చింది. ఆవిడికీ సెప్పేను. ఈసారి ఎవరికీ తెలీకపోతే, ఏదైనా అయితే, ఎవరికీ సెప్పక్కర్లేదనుకున్నాను. నువ్వెళ్లి అందరికీ సెప్పేసొచ్చేవు. మళ్లీ నాకు నోరు రాదే రాజ్యం."

పెరట్లో పొయ్యి పడింది. అమ్మ అటువైపు వెళ్లడం లేదు. నువ్వు రానన్నావు. నిన్ను రమ్మనే హక్కు నాకుందో లేదో తెలియదు.

నామోషీ కాదక్కా. అది ఒక్కటీ నువ్వు తెలుసుకోవాలని రాశాను.

రాజ్యం


విశాఖపట్నం,
23 మార్చి

నా బంగారు రాజ్యం,

నీ ఉత్తరం మొదట నేను చదువుకున్నాను. తర్వాత అత్తగారికి చదివి వినిపించేను. ఒక్క అక్షరం వదల్లేదు. అమ్మ మాటల దగ్గరికి వచ్చేసరికి ఇంక చదవలేకపోయేను. మీ బావ కాగితం తీసుకుని మిగతాది చదివేరు.

అత్తగారు అంతా విన్నారు. చివరికి, "ఆ ఇళ్లన్నిటికీ మీ అమ్మ ఒక్కర్తే సెప్పుకుందా?" అన్నారు. లేచి వెళ్లి నా పెట్టె కిందకి దింపేరు. పెట్టెలో బట్టలు సర్దతా ఆవిడే అన్నారు, "ఇక్కడ ఈధిలో బాబు పోయేడని నేను ఒక్కరికీ సెప్పలేదే. కోడలు ఆసుపత్రి నుంచి రాలేదనే సెప్పేను, శానాళ్లు" అని. నాకిది తెలీదు. ఇన్నాళ్లూ నన్నేదో అనుకుంటన్నారని అనుకున్నాను.

బుధవారం పొద్దుటి బస్సుకి మేం ముగ్గురం వస్తన్నాం. అత్తగారు రెండు రోజులుండి వెళ్తారు. గోవాడ తమ్ముడి మాట నమ్మినందుకు అమ్మకి తనే చెప్పుకుంటారట. మధ్యలో నువ్వు దూరకు.

అమ్మతో ఈ మాట ఇప్పుడే చెప్పు. ఉత్తరం మడిచి తర్వాత చెప్పకు. ఈసారి మంచిదైతే అమ్మే అందరికీ చెప్పుకోమను. చెడ్డదైతే నేను చెప్తాను. ఎన్ని గుమ్మాలుంటే అన్ని గుమ్మాలూ ఎక్కి నేనే చెప్తాను. నేను పడుకునుంటే నువ్వు చెప్పు. ఏడుగురు మగవాళ్ల ముందు లేచి నిలబడ్డదానివి, నీకేటి భయం? అమ్మని మాత్రం ఎవరూ అడగకూడదు.

బస్టాండు నుంచి రిక్షా అంటన్నారు మీ బావ. నేను ఒప్పుకోలేదు. బజారు మీంచి నడిచొస్తాను. కొంగు కప్పుకోను. అందరూ చూడనీ.

అక్క